పిల్లలతో, పెద్దవాళ్లతో తీరనగరానికి మూడు రోజులు: వేసవి ప్రయాణం ఇలా వేసుకోండి

ఇది రెండు రాత్రులు, మూడు పగళ్ల ప్రయాణం కోసం రాసింది. చిన్నపిల్లలు, అరవై దాటిన పెద్దవాళ్లు కలిసి బయల్దేరుతున్నారన్న లెక్కతో రాసింది. ఇలాంటి ప్రయాణం సాధారణంగా ఎక్కడ చెడుతుందంటే: ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అందరూ ఇసుకలో ఉంటారు, సముద్రం హాయిగా ఉన్న వేళకి గదిలో నిద్రపోతుంటారు. అందుకని ముందు గంటలు తేల్చుకుని, ఆ తర్వాతే చూడాల్సిన చోట్లు రాసుకోవాలి.

1. తేదీలు ఖాయం చేసేముందు

సెలవులు దొరికినప్పుడే వెళ్లగలం, నిజమే. కానీ రెండు మూడు తేదీల్లో ఒకటి ఎంచుకునే వీలుంటే ఈ మూడూ చూడండి.

చంద్రుడు: అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా వెనక్కి పోతుంది. అష్టమి దరిదాపుల్లో ఈ తేడా తక్కువ. ఐదేళ్లలోపు పిల్లలుంటే అష్టమి చుట్టూ ఉన్న రోజులే నయం.

పోటు వేళ: చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ ఉదయం 6కి పోటు ఉంటే రేపు దాదాపు 6.50కి. రోజుకి ఒక్కసారే పోటు వచ్చే తీరాలూ ఉన్నాయి కాబట్టి మీరు వెళ్లే ఊరి పట్టికే చూడాలి, వేరే ఊరిది పనికిరాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాటు వేళ ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, పిల్లల ఆటకి బాగుంటుంది. కానీ నీళ్లలో దిగడానికి అదే మంచి వేళ అనుకోకండి. నీరు తగ్గినప్పుడే చాలా తీరాల్లో లోపలికి లాగే ప్రవాహాలు బలపడతాయి.

వారం: మ్యూజియాలు, జంతుప్రదర్శనశాలల్లాంటివి చాలా ఊళ్లలో వారానికి ఒక రోజు మూసేస్తారు. మూడు రోజుల ప్రయాణంలో ఆ ఒక్క రోజే మీ వంతు రావచ్చు. ముందే కనుక్కోండి.

2. బుకింగుల వరుస

చాలామంది ముందు గది చూసుకుంటారు. వరుస తిరగేయండి: మొదట రానుపోను టికెట్లు, తర్వాత గది, ఆఖరున వేళ నిర్ణయించి ఇచ్చే ప్రవేశ టికెట్లు.

ఎందుకంటే గది ఇచ్చే వేళకీ మీరు దిగే వేళకీ పొంతన కుదరకపోతే మొదటి పూట అంతా లాంజ్‌లో సామాను కాపలాతో పోతుంది. తెల్లవారుజామున దిగుతున్నారా? అయితే ముందుగా గది ఇస్తారా, లేదంటే సామాను ఉంచుకుని స్నానానికి చోటు చూపిస్తారా అని అడగండి. ఆఖరి రోజు దీనికి తిరగేసిన తిప్పలు: ఉదయాన్నే గది ఖాళీ చేయాలి, ప్రయాణం రాత్రికి. ఆ మధ్య గంటలకి ఏర్పాటు లేకపోతే ఉప్పు ఒళ్లుతోనే బండెక్కాల్సి వస్తుంది.

గది వాళ్లకి ఫోన్ చేసి అడగాల్సినవి:

☐ ఇసుక దాకా నడిచి ఎంతసేపు? మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా? పెద్దవాళ్లు ఒక్కరే నడిస్తే 10 నిమిషాలు పట్టే దారి మూడేళ్ల పిల్లతో 20 నిమిషాలు అవుతుంది.
☐ సీ ఫేసింగా, సీ వ్యూనా? మొదటిదాంట్లో కిటికీ సముద్రం వైపే ఉంటుంది. రెండోదాంట్లో బాల్కనీ మూల నుంచి ఒక నీలి ముక్క కనిపించినా ఆ పేరే పెడతారు.
☐ బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత? 10 సెంటీమీటర్లు దాటితే పసిపిల్లలకి ప్రమాదం. కమ్మీల పక్కన కుర్చీ ఉంటే వెళ్లగానే లోపలికి తెచ్చేయండి.
☐ లిఫ్టు, ఫ్రిజ్, నీళ్లు కాచుకునే కెటిల్ ఉన్నాయా?
☐ బయట కాళ్లు కడుక్కునే పంపు, తడిబట్టలు ఆరేసే చోటు ఉన్నాయా?
☐ రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

సముద్రం కనబడే గది కోసం తపన పడి నడక దూరాన్ని వదులుకోకండి. గదిలో మీరుండేది ఎక్కువగా నిద్రకి, మధ్యాహ్నపు విశ్రాంతికి. అప్పుడు కర్టెన్లు మూసే ఉంటాయి.

3. రోజుని మూడు ముక్కలు చేయండి

మొత్తం ప్రణాళికకి వెన్నెముక ఇదే.

మొదటి ముక్క, తెల్లవారినప్పటి నుంచి 9.30 దాకా: సముద్రం మీది పనులన్నీ ఇప్పుడే. ఇసుక చల్లగా ఉంటుంది, గాలి నెమ్మదిగా ఉంటుంది. పడవ షికారు ఉంటే ఈ వేళకే టికెట్ తీసుకోండి.

రెండో ముక్క, 10 నుంచి 4 దాకా: పైకప్పు కింద ఉండాలి. మ్యూజియం, అక్వేరియం, భోజనం, నిద్ర. ఎండలో చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల తాకిడి ఈ ఆరు గంటల్లోనే ఎక్కువ. గడియారం అక్కర్లేని లెక్క కూడా ఉంది: మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే నీడ పట్టుకోవాల్సిన వేళ అన్నమాట.

మూడో ముక్క, 4.30 నుంచి చీకటి పడేదాకా: మళ్లీ తీరం, నడక, ఇసుక ఆట. వెలుతురు తగ్గుతున్నకొద్దీ పిల్లల్ని నీళ్లకి దూరంగా ఉంచాలి. చీకట్లో మోకాలి లోతు నీళ్లలో ఉన్న పిల్ల కూడా కనబడదు.

ఇలా ఎందుకు కోయాలంటే, గాలి వల్ల. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. పొద్దెక్కాక మొదలయ్యే ఈ గాలి మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. అలలు గజిబిజి అవుతాయి, పడవలో కడుపు తిప్పుతుంది. ఒంటికి మాత్రం చల్లగా ఉంటుంది, అసలు మోసం అదే: వేడి తెలియకపోయినా చర్మం కాలుతూనే ఉంటుంది. పల్చటి మబ్బు కూడా అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వదిలేస్తుంది.

రాత్రి గాలి దిశ మారి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. తెల్లవారాక కూడా కాసేపు అలాగే ఉంటుంది. పొద్దున్నే గాలి నింపిన ట్యూబులు, బొమ్మలు నీళ్ల మీద వేస్తే సర్రున లోపలికి పోతాయి. వాటి వెంట పిల్లలు పరుగెత్తుతారు. అందుకే ట్యూబులు ఇంట్లోనే వదిలిరండి.

తేమ సంగతి కూడా చూడాలి. 32 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 70 శాతం ఉంటే ఒంటికి 41 డిగ్రీల్లా తగులుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పొడి ఎండకి అలవాటుపడిన వాళ్లు "32 ఒక లెక్కా" అనుకుని దెబ్బతింటారు. వాతావరణం చూసేటప్పుడు "ఫీల్స్ లైక్" అంకె చూడండి. దానితోపాటు గాలి వేగం, అలల ఎత్తు, సముద్రానికి సంబంధించిన హెచ్చరికలు. వాన ఒక్కటే చూసి సరిపెట్టుకుంటే ప్రయోజనం లేదు.

నమూనా పట్టిక:

మొదటి రోజు: దిగడం, గది, భోజనం, నిద్ర. సాయంత్రం 5కి ఊరికే తీరం చూసి రావడం. నీళ్లలో దిగొద్దు. నీళ్లలో దిగేవాళ్లని కాపాడే కాపలాదారులు (లైఫ్‌గార్డులు) ఎక్కడ ఉన్నారు, మరుగుదొడ్లు, నీడ ఎక్కడ ఉన్నాయి చూసుకోండి.
రెండో రోజు: ఉదయం 6.30 నుంచి 9 దాకా తీరం. 11 నుంచి 1 దాకా పైకప్పున్న ఒక చోటు. 2 నుంచి 4 విశ్రాంతి. సాయంత్రం ఎత్తైన చోటో, తీరం వెంట నడకో.
మూడో రోజు: ఉదయం పడవ లేదా తీరం, ఏదో ఒకటే. 9కి గదికి. స్నానం, సర్దుడు, ఖాళీ చేయడం.

పూటకి ఒక్క పెద్ద కార్యక్రమం, అంతకుమించి వద్దు. ఖాళీ కనబడిన చోటల్లా ఇంకోటి ఇరికించాలనిపిస్తుంది. రెండో రోజు మధ్యాహ్నం విశ్రాంతి తీసేస్తే సాయంత్రం పిల్లల ఏడుపుతో ముగుస్తుంది, పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి.

4. సామాను: లెక్కతో సర్దండి

అందరూ తక్కువ తెచ్చుకునేది సన్‌స్క్రీన్. పెద్దమనిషికి ఒళ్లంతా ఒకసారి పూయడానికి సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. ముఖం, మెడ, చేతులు, పిక్కల వరకే అయితే అందులో సగం అనుకోవచ్చు. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్నాక మరోసారి పూయాలి.

ఇద్దరు పెద్దవాళ్లు, సగం ఒంటికి, రోజుకి మూడుసార్లు, మూడు రోజులు: 15 × 2 × 3 × 3 = 270 మిల్లీలీటర్లు. పిల్లలది అదనం. అంటే హ్యాండ్‌బ్యాగులోని 50 మిల్లీలీటర్ల ట్యూబు మొదటి ఉదయానికే చాలదు. పొదుపుగా పల్చగా పూస్తే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె ఒంటి మీద పనిచేయదు. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ వేసుకుంటే ఈ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అదే తెలివైన పద్ధతి కూడా.

ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ (యూవీఏ, యూవీబీ అనే రెండు రకాల అతినీలలోహిత కిరణాల్నీ ఆపేది), నీళ్లకి తట్టుకునేది తీసుకోండి. బయటికి వెళ్లడానికి 15 నుంచి 30 నిమిషాల ముందు గదిలోనే పూయండి. చెవులు, మెడ వెనుక, పాదాల పైభాగం మర్చిపోతారు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకి క్రీము కంటే నీడ, వదులైన బట్టలే రక్షణ.

తీరానికి తీసుకెళ్లే సంచి:

☐ నీళ్లు. గంటకి మనిషికి అర లీటరు లెక్కన. నలుగురు రెండున్నర గంటలు ఉంటే 5 లీటర్లు.
☐ ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే పిల్లలకి మేలు కంటే కీడే ఎక్కువ.
☐ అందరికీ చెప్పులు. మధ్యాహ్నపు ఇసుక పాదం బొబ్బలెక్కేంత కాలుతుంది.
☐ ముదురు నారింజ, మెరిసే పసుపు లాంటి రంగుల ఈతబట్టలు. నీలం, తెలుపు, బూడిదరంగు నీళ్లలో కలిసిపోతాయి, దూరం నుంచి పిల్ల కనబడదు.
☐ మనిషికో తువ్వాలు, తడిబట్టలకి రెండు ప్లాస్టిక్ సంచులు.
☐ ఫోనుకి నీళ్లు చొరబడని సంచి.
☐ పట్టకారు, గాయాల మందు, ప్లాస్టర్లు.
☐ చిల్లర.

పెద్దవాళ్ల మందులు రోజుల లెక్కకి రెండు రోజులు ఎక్కువ పెట్టండి, చేతిసంచిలో పెట్టండి. బీపీకి, గుండెకి నీరు దిగే మాత్రలు వాడుతుంటే ఎండలో ఎంత నీళ్లు తాగాలో బయల్దేరేముందు డాక్టరునే అడగండి. అందరికీ పనికొచ్చే "బాగా తాగండి" అన్న సలహా వాళ్లకి వర్తించకపోవచ్చు. ఆరు నెలల్లోపు బిడ్డకి నీళ్లు పట్టొద్దు, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి.

5. నీళ్లలో కాలు పెట్టేముందు

ఈ భాగాన్ని మాత్రం ఇంట్లో పెద్దవాళ్లందరూ చదవాలి.

జెండాలు: ఎరుపు పైన, పసుపు కింద ఉన్న రెండు జెండాల మధ్య కాపలా ఉంటుంది, దిగితే అక్కడే దిగాలి. ఒక్క ఎర్ర జెండా ఉంటే ప్రమాదం ఎక్కువ, మీరు దిగొద్దు. రెండు ఎర్ర జెండాలంటే నీళ్లు మూసేశారు. ఊదా రంగు జెండా అంటే కుట్టే జీవులున్నాయి. జెండా లేదు, కాపలా లేదు అంటే సురక్షితం అని అర్థం కాదు, ఎవరూ చూడట్లేదని అర్థం.

రిప్ కరెంట్: ఒడ్డుకి వచ్చిన నీరు ఒక సన్నటి దారి చూసుకుని వేగంగా వెనక్కి పోతుంది. పైనుంచి చూస్తే రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో నురగ లేని, కాస్త ముదురు రంగు పట్టీలా ఉంటుంది. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి "ఇక్కడ అలలు లేవు, పిల్లలకి బాగుంటుంది" అని సరిగ్గా అక్కడే దింపుతారు. దిగేముందు ఐదు నిమిషాలు ఎత్తైన చోట నిలబడి నీళ్లు గమనించండి.

చిక్కుకుంటే ఇలా:

1) ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఈ ప్రవాహం బలంగా ఉన్నప్పుడు ఆరితేరిన ఈతగాడి కంటే వేగంగా పోతుంది. మునిగేది అలసట వల్లే.
2) వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి. రిప్ నీళ్ల అడుక్కి లాగదు, దూరానికి తీసుకెళ్తుంది.
3) ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. అలలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకి రండి.
4) ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకొద్దు. కాపలావాళ్లని పిలవండి, తేలే వస్తువు ఏదైనా విసరండి. కాపాడబోయి మునిగేవాళ్లు తక్కువేం కాదు.

కాపలా వంతులు: "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదన్నమాటే. 20 నిమిషాల చొప్పున ఒక పెద్దమనిషికి వంతు వేయండి. ఆ వంతులో ఫోను ఇంకొకరి చేతిలో ఉండాలి. వంతు మారేటప్పుడు "ఇక నీదే" అని నోటితో చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లలైతే చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి.

మునుగుతున్న పిల్ల కేకలు పెట్టదు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, తల వెనక్కి వాలి ఉంటుంది, చేతులు ఊపలేదు. 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. అల్లరి చేస్తున్న పిల్ల ఒక్కసారిగా నిశ్శబ్దమైతే చూడండి.

ఇసుక గుంటలు: సరదాగా లోతుగా తవ్వుతారు. పక్కలు కూలితే బయటికి లాగడం చాలా కష్టం. జట్టులో అందరికంటే చిన్నవాడి మోకాలి లోతు దాటనివ్వకండి, వెళ్లేముందు పూడ్చేయండి.

ఉరుము వినబడితే నీళ్లలోంచి, ఇసుక మీంచి కూడా వెళ్లిపోవాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

6. తేడా వస్తే

జెల్లీఫిష్ కుడితే: సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న కణాలు మరింత విషం వదలొచ్చు. ఇసుకతో రుద్దొద్దు. ఒంటికి అంటుకున్న దాని తీగల్ని పట్టకారుతో తీసి, కుట్టిన చోటుని ఓర్చుకోగల వేడినీళ్లలో, సుమారు 40 నుంచి 45 డిగ్రీలు, కనీసం 20 నిమిషాలు ఉంచండి. వెనిగర్ కొన్ని రకాలకే పనికొస్తుంది, స్థానిక కాపలావాళ్లు చెబితేనే వాడండి. మూత్రం పోయడమనేది వట్టి నమ్మకం. ఆయాసం, వాంతులు, ముఖం వాపు ఉంటే నేరుగా ఆసుపత్రికి.

ఎండ దెబ్బ: తలనొప్పి, వికారం, విపరీతంగా చెమట, నీరసం ఉంటే నీడకి తెచ్చి పడుకోబెట్టి ఓఆర్‌ఎస్ గుక్కలుగా ఇవ్వండి, తడిబట్టతో తుడవండి. తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చినట్టే. అంబులెన్స్ పిలిచి, వచ్చేలోగా ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ గాలి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

పడవలో కడుపు తిప్పితే: మధ్యలో కూర్చోవాలి, దూరాన ఆకాశం, సముద్రం కలిసే గీతని చూడాలి, ఫోను చూడకూడదు. మాత్ర వేసుకునేటట్టయితే ఎక్కేముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు. పిల్లలకి ఏ మాత్ర, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి.

పిల్ల కనబడకపోతే: మొదట వెతకాల్సింది నీళ్లలో. ఒకరు నీళ్ల అంచు వెంట, ఒకరు కాపలావాళ్ల దగ్గరికి, ఒకరు కూర్చున్న చోటే. రోజూ ఉదయం బయల్దేరేటప్పుడు పిల్లలకి ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి, ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి. క్రీము పూసేముందే రాయాలి, లేకపోతే అంటదు.

ఫోను ఉప్పునీళ్లలో పడితే: వెంటనే ఆఫ్ చేయండి, చార్జింగ్ పెట్టకండి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ తడిమీద ఎక్కించే కరెంటే.

కారు: ఎండలో ఆపిన కారు లోపల 10 నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. నిద్రపోతున్న పిల్లని "రెండు నిమిషాలే కదా" అని లోపల వదలొద్దు. సన్‌స్క్రీన్ డబ్బా, మందులు కూడా అందులో ఉంచితే పాడవుతాయి.

7. ఆఖరి ఉదయం

☐ బట్టలు, ఈతబట్టలు మంచినీళ్లలో జాడించి పిండండి. ఉప్పు ఉండిపోతే జిప్పులు పట్టేస్తాయి.
☐ తడివి విడిగా, పొడివి విడిగా. తడి సంచి పై నుంచి అందేలా పెట్టండి.
☐ ప్రయాణానికి ఒక జత బట్టలు ముందు రాత్రే తీసి పక్కన పెట్టండి.
☐ చార్జర్లు, ఫ్రిజ్‌లోని మందులు, బాల్కనీలో ఆరేసినవి: ఎక్కువగా మర్చిపోయేవి ఈ మూడే.
☐ గవ్వలు, రాళ్లు ఏరుకునేముందు ఆ తీరంలో అనుమతి ఉందో లేదో చూడండి. లోపల జీవి ఉన్న గవ్వని అక్కడే వదిలేయండి, ఎటూ సంచిలో మర్నాటికి కంపు కొడుతుంది.
☐ స్టేషనుకో విమానాశ్రయానికో పట్టే సమయానికి 45 నిమిషాలు కలపండి. వేసవి సాయంత్రాల్లో తీరం వైపు రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

చెవి నొప్పి, తగ్గని ఎర్రటి వాపు, జ్వరం, నీళ్లు మింగిన పిల్లకి దగ్గు ఆయాసం ఉంటే ఇంటికి చేరేదాకా ఆగకండి. నీళ్లు మింగాక మొదలైన ఆయాసం గంటలు గడిచేకొద్దీ ముదరొచ్చు. ఆ ఊళ్లో 24 గంటలూ తెరిచి ఉండే ఆసుపత్రి పేరు, దారి బయల్దేరేముందే ఫోన్లో దాచుకుని, ఇద్దరు పెద్దవాళ్ల దగ్గరైనా ఉండేలా చూసుకోండి.